అరకు దారిలో ముందు సీటు

ఉమాపతికి ఈ లోకంలో ఎవరి మీదా అసూయ లేదు. ఈ మాట మనం అడక్కపోయినా అతనే చెబుతాడు. కరెంటాఫీసులో తోటివాడికి తనకంటే ముందు ప్రమోషను వస్తే స్వయంగా మిఠాయి పంచాడు. ఎదురింటివాళ్ళు కొత్త కారు కొంటే కొబ్బరికాయ తనే కొట్టాడు. అసూయ అన్నది తన జాతకంలోనే లేదంటాడు. జోగారావు సంగతి వేరు. జోగారావు మీద ఉన్నది అసూయ కాదు, న్యాయమైన కడుపుమంట.

ఇద్దరూ విజయనగరంలో కోట వెనక వీధిలో ఉండే లింగమూర్తిగారి దగ్గర వయొలిన్ నేర్చుకుంటున్నారు. ఉమాపతి పన్నెండేళ్ళుగా వెళ్తున్నాడు. జోగారావు నిన్నగాక మొన్న వచ్చాడు. అతనికి సైకిళ్ళ షాపుంది. కమాను కూడా ట్యూబులోకి గాలి కొడుతున్నట్టే లాగుతాడు. తాళం అతని దగ్గరికి వచ్చేసరికి దారి తప్పిపోతుంది. అయినా గురువుగారి చాపను ఆనుకుని కూర్చునేది అతనే. గురువుగారు అతని మణికట్టు పట్టుకుని కమాను నడిపిస్తారు, తప్పు పోతే మోకాలి మీద ఒక్కటి చరుస్తారు, అప్పుడప్పుడూ ‘గాడిదా’ అని ముద్దుగా తిడతారు. ఉమాపతి కీర్తన మొత్తం పొల్లు పోకుండా వాయిస్తే మాత్రం కళ్ళు మూసుకునే ‘ఊఁ, తర్వాతది’ అంటారు. పన్నెండేళ్ళ సాధనకు ఒక్క గాడిదైనా దక్కలేదని ఉమాపతి ఎంత కుమిలిపోయేవాడో అతని భార్య హైమకు బాగా తెలుసు. పాఠం ఉన్న ప్రతిరోజూ రాత్రి భోజనంలో ఆవిడకు కూరతోపాటు జోగారావునూ వడ్డించేవాడు మరి.

చివరికి శిష్యులందరి కచేరీ వచ్చింది. ఎవరెక్కడ కూర్చోవాలో గురువుగారు చెప్పారు. తన పక్కన జోగారావు. వరసకు ఆ చివర, గోడ దగ్గర, ఉమాపతి. ఆ సాయంత్రమే అతను ఒక నిశ్చయానికొచ్చాడు. అడగాల్సింది సూటిగా అడిగేయాలి. తగిన జవాబు రాకపోతే కచేరీ అయిన మర్నాడే వయొలిన్ అటకెక్కుతుంది, తను ఆ వీధి మొహం చూడడు. అందరూ వెళ్ళేదాకా చెప్పులు వెతుక్కుంటున్నట్టు నటించి, వెనక్కి వచ్చి అడిగాడు.

“గురువుగారూ, జోగారావులో ఉన్నదేమిటి, నాలో లేనిదేమిటి?”

లింగమూర్తిగారికి ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. తీగల మీద పేరుకున్న పొడిని గుడ్డతో తుడుచుకుంటూ, ఆదివారం పిల్లల్ని అరకు తీసుకెళ్తున్నారట కదా, కారులో తనకు కాస్త చోటుంటుందా అని అడిగారు.

ఉమాపతికి నేల మీద కాళ్ళు నిలవలేదు. జోగారావుకి ఉన్నదల్లా స్కూటరు. అరకు దాకా గురువుగారు తన పక్క సీట్లో, తనొక్కడి గురువుగారుగా! ఆదివారం తెల్లవారకముందే కారు కడిగాడు, ముందు సీటు మీద కొత్త తువ్వాలు పరిచాడు, గురువుగారిని ఎక్కించుకున్నాక అక్కర్లేని వంక ఒకటి పెట్టుకుని సైకిళ్ళ షాపున్న వీధి మీదుగా పోనిచ్చాడు. షాపు షట్టరు ఇంకా తీయలేదు. వీధిలో ఆ వైభవాన్ని చూసింది ఒక్క కుక్క.

వెనక హైమ, ఆవిడకు చెరోపక్కా పిల్లలు. శశాంక్‌కి ఎనిమిదేళ్ళు, వల్లికి ఐదు. ఊరు దాటకముందే కిటికీ కోసం ఒక యుద్ధం, నీళ్ళ సీసా మూత కోసం మరో యుద్ధం అయ్యాయి. ఉమాపతి అవేవీ పట్టించుకోకుండా, సంభాషణకు దారి వేద్దామని ఒక పాత వయొలిన్ కచేరీ పెట్టాడు. రాగం అందుకుందో లేదో వల్లి తనకు ఏనుగు పాట కావాలని రాగం తీసింది. పిల్లదాని రాగమే నెగ్గింది. గురువుగారు ఏనుగు పాటకు తొడ మీద హాయిగా తాళం వేశారు. తన వర్ణానికి ఆయన ఎప్పుడైనా అంత హుషారుగా తాళం వేశారా అని ఉమాపతి గుర్తు చేసుకోబోయి, మానుకుని, ఏనుగు మీద కూడా కొంత కడుపుమంట పెట్టుకున్నాడు.

శృంగవరపుకోట దాటి ఘాట్ రోడ్డు మొదలైంది. అప్పుడే అతను గొంతు సవరించుకుని, మొన్న తను అడిగిన మాట అని ఎత్తుకున్నాడు. సరిగ్గా అదే మలుపులో వల్లి వాంతి చేసుకుంది. కొంత హైమ చీర మీద, మిగతాది శశాంక్ కొత్త బూట్ల మీద.

కారాపి, కడిగి, తుడిచి, మళ్ళీ బయల్దేరేసరికి ఏర్పాట్లు మారిపోయాయి. వెనక కూర్చుంటే పిల్లకు మళ్ళీ తిప్పుతుందని చెప్పి గురువుగారే లేచి వెనక్కి వెళ్ళారు. కొత్త తువ్వాలు మీద హైమ, ఆవిడ ఒళ్ళో వల్లి. పిల్ల చేతికి వాసన చూడ్డానికో నిమ్మకాయ, మొహానికి కిటికీ గాలి, వీపు మీద అమ్మ చెయ్యి. ఉమాపతి కూడా మలుపు మలుపుకీ ఎలా ఉంది తల్లీ అని అడుగుతున్నాడు. గురువుగారు కనబడతారేమోనని అద్దాన్ని వంచి చూసుకున్నాడు గాని, ఆయన బట్టతల అంచు తప్ప ఏమీ దక్కలేదు.

వెనక సీట్లో ఇంకొకడికి ఆ మాత్రమూ దక్కలేదు. శశాంక్ ముందు తన బూట్ల గురించి ఫిర్యాదు చేశాడు. తర్వాత తనకూ నిమ్మకాయ కావాలన్నాడు. కాసేపటికి తనకూ కడుపులో ఏదో అవుతోందన్నాడు. కారాపారు. ఏమీ కాలేదు. నాలుగు మలుపులు తిరిగాక మళ్ళీ అవుతోందన్నాడు. మళ్ళీ ఆపారు. వాడు రోడ్డు పక్కన వంగుని చాలాసేపు డోకి, ఒక పిట్టను భయపెట్టి, తిరిగొచ్చి కూర్చున్నాడు. ముందు సీట్లోంచి వల్లి వెనక్కి తిరిగి, నీకు రాదులే అన్నయ్యా అని జాలిపడింది. ఆ జాలిని వాడు తట్టుకోలేకపోయాడు.

అనంతగిరిలో కాల్చిన మొక్కజొన్న పొత్తుల బండి దగ్గర ఆగారు. వల్లి ఏమీ తినకూడదన్నారు. అది శశాంక్‌కి మంచి అవకాశంగా తోచింది. పొత్తు మీద పొత్తు తిన్నాడు, పైన చల్లటి సోడా తాగాడు, ఆ పైన గుండ్రంగా గిరగిరా తిరిగాడు. దేవుడు వాడికి రాతి కడుపు ఇచ్చాడు. చివరికి బండి వెనక్కి వెళ్ళి గొంతులో వేలు పెట్టుకున్నాడు. కళ్ళలోంచి నీళ్ళు వచ్చాయి, ముక్కులోంచి సోడా వచ్చింది, రావలసింది మాత్రం రాలేదు. నీళ్ళ సీసా పట్టుకుని అటు వచ్చిన లింగమూర్తిగారు అది చూసి, వాడికి మొహం కడిగి తీసుకొచ్చారు.

కారు కదిలాక వాడు ఏడుపు అందుకున్నాడు. ఎక్కిళ్ళ మధ్య వాడు అంటున్నది ఒక్కటే. “నాకెందుకు రాదు నాన్నా?”

ఉమాపతికి నవ్వాగలేదు. గురువుగారితో మాట్లాడదామనుకున్న రోజంతా వాంతుల పాలైన విసుగు కూడా కొంత కలిసింది. ముందుకు చూస్తూనే కొడుక్కి పాఠం చెప్పాడు.

“ఒరే పిచ్చి సన్నాసీ, ముందు సీటు ఏమైనా బహుమతి అనుకున్నావా? దానికి కడుపు నిలవదు, అందుకని దగ్గర పెట్టుకున్నాం. నీకు ఏ మలుపులోనూ ఏమీ కాదు. వెనక ఉన్నది నువ్వని ధైర్యంగా తోలుతున్నాను. ఆ మాత్రం తెలియదురా నీకు?”

వెనక నుంచి లింగమూర్తిగారు కాస్త ముందుకు వంగారు.

“ఏమన్నావు నాయనా? ఇక్కడికి సరిగ్గా వినబడలేదు. ఇంకొకసారి చెప్పు.”

పెద్దాయనకు వినబడలేదు కాబోలనుకుని ఉమాపతి ఈసారి గొంతు పెంచాడు. ముందు సీటు బహుమతి కాదన్నాడు. దానికి కడుపు నిలవదన్నాడు. అందుకని దగ్గర పెట్టుకున్నాం అనేసరికి గొంతు తగ్గింది. ఏ మలుపులోనూ ఏమీ కాని వాడి దగ్గరికి వచ్చేసరికి మాట పూర్తిగా ఆగిపోయింది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. హైమ కిటికీ వైపు తిరిగి కాఫీ తోటలను అంత శ్రద్ధగా ఎందుకు చూస్తోందో ఆవిడకే తెలియాలి.

అక్కడితో ఆగి ఉంటే గురువుగారి పాఠం గురువుగారు అనుకున్నట్టే ముగిసేది. కానీ శశాంక్‌కి ఎక్కిళ్ళు తగ్గి మాట వచ్చింది.

“నాకేం కాదని తెలుసు నాన్నా. అందుకే నువ్వసలు వెనక్కి చూడవు.”

లింగమూర్తిగారు వెనక్కి జారబడి, పైపంచెతో మొహం తుడుచుకున్నారు. ఆ మాట తనకు కూడా తగులుతుందని ఆయనకు తెలిసినట్టుంది. ఉమాపతి రోడ్డు వెడల్పుగా ఉన్నచోట కారాపి, దిగి, వెనక తలుపు తీసి కొడుకుని ఎత్తుకున్నాడు. ఎనిమిదేళ్ళవాడు బరువే. వాడు కూడా పెద్దవాణ్ణయ్యానని గింజుకోలేదు. లోయ కనబడేదాకా అలాగే మోసుకెళ్ళి, చాలాసేపు నిలబెట్టి, కింద పోతున్న రైలును చూపించాడు. వల్లి నన్నూ అని కారులోంచి అరిచింది. హైమ ఆ పిల్లను ఆపింది.

అరకు చేరాక పిల్లలు తోటలో పడి ఏనుగు పాట పాడుకుంటూ పరుగులు తీశారు. శశాంక్ తాళం వేస్తున్నాడు, చెల్లెలు తప్పినప్పుడల్లా ఆగి సరిదిద్దుతున్నాడు. లింగమూర్తిగారు రాతి బెంచీ మీద కూర్చుని చూస్తున్నారు. ఉమాపతి వచ్చి పక్కన కాస్త ఎడంగా కూర్చున్నాడు. మొన్నటి ప్రశ్న మళ్ళీ అడగలేదు. కచేరీలో చివర గోడ దగ్గర కూర్చుంటానన్నాడు. అక్కడ కూర్చున్నా గురువుగారి తాళం తనకు వినబడుతుందన్నాడు. అన్నాక కూడా లేవలేదు. గడ్డి పరక ఒకటి తుంచి, దాన్ని ముక్కలు ముక్కలు చేస్తూ కూర్చున్నాడు. ఇంకేదో ఉందని గ్రహించి గురువుగారు పిల్లల మీది నుంచి చూపు తిప్పారు.

“మొన్న సాధనలో చరణం దగ్గర నాకు తాళం తప్పింది కదండీ,” అన్నాడు ఉమాపతి గడ్డి వైపే చూస్తూ. “అది తప్పలేదు. నేనే తప్పించాను. మీరు ఒక్క మాటైనా అంటారని.”

లింగమూర్తిగారు కొంచెం జరిగి, ఎడంగా కూర్చున్న శిష్యుడి దగ్గరకు వచ్చారు.

“ఎరుగుదును నాయనా. గొంతులో వేలు పెట్టుకున్నా నీకూ రాలేదు.”