మబ్బులకొండ రోప్‌వే ఆగిన రోజు

"గురువుగారూ, వెళ్ళాలన్న తపన ఇంత ఉన్నాక ఇంకా పరీక్షలెందుకు?" అని అడిగాడు విరూపాక్షుడు.

కొండ కింది ఆశ్రమంలో అతను ఈ ప్రశ్న అడగని రోజు లేదు. మబ్బులకొండ శిఖరాన మౌనుల మఠం ఉంది. అందులో అడుగుపెట్టినవాళ్ళు మళ్ళీ కిందికి దిగరు. పొద్దున్నే ఆ శిఖరం వైపు చూస్తే చాలు, విరూపాక్షుడికి అన్నం సహించేది కాదు. వెనక ఎవరూ లేరు, మనసంతా పైనే ఉంది, ఇంకేం కావాలని అతని బాధ. గురువుగారికేమో ప్రశ్నకు జవాబు చెప్పే అలవాటు లేదు, పని చెప్పే అలవాటే ఉంది.

"రోప్‌వే ఆగిందట. ఎందుకాగిందో చూసి రా" అన్నారు.

ముందురోజు గాలివాన వచ్చింది. గాలివాన తర్వాత పరీక్ష చేయకుండా మనుషుల్ని ఎక్కించకూడదని నియమం. విరూపాక్షుడు వెళ్ళేసరికి వకుళ అనే ఇన్‌స్పెక్టరమ్మ వచ్చి క్యాబిన్లలో ఇసుక బస్తాలు వేయిస్తోంది, మనుషుల బరువు కన్నా కాస్త ఎక్కువే. రోప్‌వే నడిపే సింహాద్రి ఆ బస్తాలకు పసుపూ కుంకుమా పెట్టాడు. అక్కడి ఆనవాయితీ అది. "మనకన్నా ముందు ఇసుకకే దర్శనం!" అని వరసలో జనం గొణుక్కున్నారు.

క్యాబిను పైకి వెళ్తుండగా కరెంటు తీసి చూశారు. బ్రేకు గట్టిగా పట్టింది. జనం మూటలు చంకనెత్తుకున్నారు. వకుళ మాత్రం కదల్లేదు. "ఇప్పుడు అదే బరువుతో కిందికి రానివ్వండి" అంది. సగం దిగాక కరెంటు తీశారు. క్యాబిను ఆగినట్టే ఆగి, జారి, ఇంకాస్త జారి, అప్పుడు ఆగింది.

సింహాద్రి మొహంలో నెత్తుటి చుక్క లేదు. "పొద్దున దింపి చూసినాను మేడమ్, ఖాళీగా. బాగానే ఆగింది."

"ఖాళీది ఎలాగైనా ఆగుతుంది. ఈరోజు ఎవరినీ ఎక్కించొద్దు" అంది వకుళ.

జనం తిట్టుకుంటూ వెళ్ళిపోయారు. పైడమ్మ అనే ముసలామె ఒక్కతే కొండ మెట్ల దగ్గర కూలబడింది. ఆమె కొడుకు పైనున్న మౌనుల్లో ఒకడు. మౌనులు ఏడాదికోసారి మఠం ద్వారం దాకా వచ్చి నిలబడతారు. అది ఆ సాయంత్రమే.

"ముట్టుకోను బాబూ, మాటాడను. ఒక్కపాలి సూసి వచ్చేత్తాను. మోకాళ్ళు ఒగ్గేసినాయి గానీ, నేకపోతే నడిసే ఎక్కేద్దును" అంది విరూపాక్షుడితో.

అతని గుండె కరిగిపోయింది. వకుళ దగ్గరికి పరుగెత్తి, "ఈమె ఒక్కర్తినైనా పంపండమ్మా. ఆ ఆరాటం చూడండి" అని బతిమాలాడు.

వకుళ కళ్ళు చెమర్చాయి. "చూశానండీ. అందుకే పంపను. ఎక్కినామె మళ్ళీ దిగి రావాలి కదా" అంది.

ఇక చేసేదేముంది? విరూపాక్షుడు పైడమ్మను వీపున ఎక్కించుకుని మెట్లెక్కడం మొదలుపెట్టాడు. ఆమె చిన్నమనిషే, అయినా మెట్లు తక్కువేం కావు. దారంతా కొడుకు ముచ్చటే. "దుప్పటి కప్పితే తన్నేసీవోడు. రేతిరంతా లేసి లేసి కప్పీదాన్ని. ఆ కొండ మీద శానా సలంట కదా బాబూ?" విరూపాక్షుడు ఆమెను వీపు మీద ఇంకాస్త పైకి జరుపుకున్నాడు. తనకిష్టమైన చోటు అడుగడుగుకీ దగ్గరవుతోంది. సంతోషంగా ఉంది, ఎందుకో ఏడుపూ వస్తోంది.

మౌనులు వరసగా నిలబడ్డారు. కొడుకు తల్లిని చూశాడు. పెదవి కదిలింది గానీ మాట రాలేదు. పైడమ్మ అతన్ని తల నుంచి పాదాల దాకా చూసుకుంది. పొద్దు వాలగానే అందరూ లోపలికి వెళ్ళారు. ద్వారపాలకుడైన మౌని తలుపు రెక్క ఒకటి తెరిచి పట్టుకుని, వస్తావా అన్నట్టు విరూపాక్షుడి వైపు చూశాడు. ఇన్నేళ్ళుగా అతను కలలు కన్నది ఆ గడప అవతలే ఉంది.

"దిగుదుమా బాబూ?" అంది పైడమ్మ.

అతను ఆ గడపను కళ్ళారా చూసుకున్నాడు. తర్వాత ఆమె ముందు వంగి, వీపు ఆనించాడు.

రాత్రి బాగా పొద్దుపోయాక ఆశ్రమం చేరి, రోప్‌వే సంగతంతా చెప్పి, గురువుగారి పాదాల దగ్గర పడి పసివాడిలా ఏడ్చాడు. "తలుపు తెరిచే ఉంది గురువుగారూ! నేనే వెనక్కి తిరిగాను. నా తపన అబద్ధమా?"

"దిగేటప్పుడు ఆమె భయపడిందా?" అని అడిగారు గురువుగారు.

"లేదు. సగం దారిలో నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది."

గురువుగారు వంగి అతన్ని పైకి లేపారు.

"నిద్రపోయిందా! బరువుతో దిగుతూ కూడా జారలేదన్నమాట. అయితే ఇకమీదట నిన్ను వెళ్ళమనడానికీ వద్దనడానికీ నేనెవర్ని నాయనా?"