చిన్నకాకి మెడకు బూడిద

ఒకప్పుడు ఐర్లండ్ దేశంలో చిన్నకాకులు ముక్కు నుంచి తోక దాకా కారునలుపు. మెడ మీద బూడిదరంగు మచ్చుకైనా ఉండేది కాదు. వాటి కాపురాలన్నీ చెట్టు తొర్రల్లోనే.

అక్కడి కోర్మక్ దొరకు ఏటి ఒడ్డున రాతి బురుజు కట్టుకోవాలని బుద్ధి పుట్టింది. ఇంకేముంది, గొడ్డళ్లు దిగాయి! పెద్ద మానులు పరంజాకు, అంటే గోడలో గుచ్చి పనివాళ్లు ఎక్కి నిలబడే కర్రలకు పోయాయి. సన్న కొమ్మలతో తడికలు అల్లారు. వాటిని విల్లులా వంచి, పైన రాళ్లు పేర్చి సున్నం పోశారు. సున్నం బిగిశాక అదే గదికి పైకప్పు.

బురుజు లేచింది. అడవి పోయింది. ఒర్లా అనే చిన్నకాకికి గుడ్లు పెట్టే వేళయింది. పెట్టడానికి తొర్ర లేదు.

అప్పుడే మేస్త్రీ డోనల్ గోడలోంచి పరంజా కర్రలు లాగేస్తున్నాడు. కర్ర ఊడిన చోటల్లా ఒక బొక్క. లోతుగా, పొడిగా, గాలి తగలకుండా ఉంది. ఒర్లా తల దూర్చి చూసింది. ప్రాణం లేచివచ్చింది.

"మేస్త్రీ, వీటినేం చేస్తావు?"

"రాయి కొట్టి పూడ్చేస్తానమ్మా. మా పనిలో అదే పద్ధతి."

"పూడ్చకు. మాకియ్యి."

"నాదేముంది తల్లీ, దొరనడుగు."

ఒర్లా దొర కిటికీలో వాలింది. అది కిటికీ కాదు, బాణం దూరేంత సందు.

"పక్షికి నా గోడలో వాటానా!" అని దొర పగలబడి నవ్వాడు. "గోడ నాది."

"గోడ నీదే. దాన్ని నిలబెట్టిన కర్ర మాది. ఇల్లు తీసుకున్నావు, ఇల్లు చూపించు!"

"డోనల్! రేపు బొక్కలన్నీ పూడ్చెయ్. ఇవాళ విందు."

ఒర్లాకు ఒళ్లు మండింది. ఏడుస్తూ కూర్చుంటే గుడ్లు ఆగుతాయా? చుట్టాలందరినీ కేకేసింది. కప్పు కింద నుంచి ఊడదీసిన తడికల పుల్లలు కుప్పలుగా పడున్నాయి. తలా ఒకటి ముక్కున కరిచి పొగగొట్టంలో పడేశాయి. పడేశాయి, పడేశాయి, గొట్టం బిగుసుకుపోయింది.

విందుకు రాజేసిన మంట పొగ వెనక్కి తిరిగి గదంతా కమ్మేసింది. దొర దగ్గుతూ చుట్టుమెట్ల మీద కిందికి పరిగెత్తాడు. శత్రువు తట్టుకుని పడాలని తనే ఒక మెట్టు ఎత్తుగా పెట్టించాడు. దానికే తన కాలు తగిలి, దబ్బున వచ్చి గుమ్మం ముందు పడ్డాడు. ఒళ్లంతా మసి.

"దొరా, మా చుట్టమైపోయావే!" అంది ఒర్లా. కాకులన్నీ కావుకావుమని నవ్వాయి. డోనల్ నవ్వాపుకోలేక గోడవైపు తిరిగాడు.

దొర కళ్లు తుడుచుకున్నాడు. అతనికీ నవ్వొచ్చింది. "బొక్కలు మీవేనే తల్లీ! నా పొగగొట్టం నాకు విడిచిపెట్టు!"

మాటంటే మాటే. ఒర్లా తనే గొట్టంలో తల దూర్చి పుల్లలన్నీ పీకింది. బయటికొచ్చేసరికి మెడచుట్టూ బూడిద. ఏట్లో ఎంత మునిగినా పోలేదు. "పోకపోతే మానె, ఇల్లు దక్కింది" అని, నేరుగా గోడబొక్కలోకి వెళ్లి గుడ్డు పెట్టింది.

అప్పటినుంచే చిన్నకాకి మెడ బూడిదరంగు. అప్పటినుంచే పాత బురుజుల గోడల్లో దాని కాపురం. ఇచ్చిన మాట దొరలు మరిచిపోకుండా, ఇప్పటికీ వసంతం రాగానే పొగగొట్టంలో నాలుగు పుల్లలు పడేసి వస్తుంది.