గవర్రాజు తరుగు

అనగనగా ఒక ఊరుందే తల్లీ. ఆ ఊరు మొత్తానికీ ఒకటే పిండి మర. ఆ మర గవర్రాజుది. వాడి పేరు చెబుతుంటేనే నాకు ఒళ్ళు మండుతోంది. నువ్వు దుప్పటి కప్పుకుని విను.

ఆ ఊళ్ళో నూకాలని ఒక కూలిమనిషి ఉండేది. ఆమెకి నీకంటే చిన్న కూతురు. సంత రోజున రెండు కిలోల చోళ్ళు, అంటే రాగులే, కొనుక్కునేది. ఆ పిండితో అంబలి కాచుకుంటే మళ్ళీ సంత దాకా సరిగ్గా సరిపోవాలి. అంతకుమించి కొనే స్తోమత లేదు.

అప్పుడు గవర్రాజు ఏం చేసేవాడో తెలుసా? ఆడించిన కూలి తీసుకుని కూడా కిలోన్నర పిండే తూచి ఇచ్చేవాడు. అదేంటి బాబూ అంటే, మరకి అంటుకుంటుంది, అది తరుగు అనేవాడు. మరకి అంటుకుంటే, ముందు ఆడించినవాళ్ళది అంటుకున్న పిండి ఈమె పిండితో రావాలి కదా? అది పడేది మరలో కాదు, వాడి డబ్బాలో. సంతకి రెండు రోజుల ముందే కుండ ఖాళీ అయ్యేది. పిల్ల మంచినీళ్ళు తాగి పడుకునేది.

ఒక వారం పొరుగింటి అప్పలకొండకి జ్వరం వచ్చింది. ఆమె రెండు కిలోలు కూడా తన వాటిలో కలిపి నూకాలే తీసుకెళ్ళింది. నాలుగు కిలోలకి కిలో పోతుందని గుండె రాయి చేసుకుంది. తీరా చూస్తే మూడున్నర వచ్చింది. పోయింది అరకిలోనే.

ఆ తర్వాతి వారం కావాలనే ఒక్క కిలో పట్టుకెళ్ళింది. అరకిలో వచ్చింది.

అప్పుడు తెలిసిందమ్మా. ఎంత తీసుకెళ్ళినా, అందులోంచి అరకిలో తీసేస్తే మిగిలేదే చేతికొచ్చేది. మీ బడిలో ఎక్స్ అనీ వై అనీ రాయిస్తే మొహం ముడుచుకుంటావే, ఆ సమీకరణమే ఇది. బస్తా తెచ్చిన కామందుకీ అరకిలోనే, కిలో తెచ్చిన నూకాలుకీ అరకిలోనే. కామందుకి అది కంటికి కూడా ఆనదు. నూకాలుకి అది రెండు రోజుల కూడు. ఇంతకన్నా పాపం ఉంటుందా?

నూకాలు ఏడవలేదు. ఇంటింటికీ తిరిగి ఈ లెక్క చెప్పింది. ఆ తర్వాతి సంతకి వాడలోని ఇరవై ఇళ్ళ చోళ్ళూ ఒకే బస్తాలో పోసి మర ముందు దించారు. గవర్రాజు కస్సుమన్నాడు. ఎవరివి వాళ్ళు విడివిడిగా తెమ్మన్నాడు.

"మర తిరిగేది ఒక్కసారి. అంటుకునేదీ ఒక్కసారే. తీసుకో నీ అరకిలో," అంది నూకాలు. ఈసారి బాబూ అనలేదు.

అంటుకుంటుందని అన్న మాట తనదే, ఏం చేస్తాడు? ఆడించి ఇచ్చాడు. పంచుకుంటే ఇంటికి గుప్పెడు పిండి కూడా తగ్గలేదు. ఆ వారం సంత ముందు రోజు కూడా పిల్ల కడుపు నిండా అంబలి తాగింది.

పిల్ల తాగుతుంటే నూకాలు చూస్తూ కూర్చుంది. వారానికి అరకిలో అంటే ఏడాదికి పాతిక కిలోల పైమాటే. అలా ఎన్నేళ్ళు? పిల్ల ఎన్నిసార్లు నీళ్ళు తాగి పడుకుంది? ఆమె కోపం చల్లారలేదు సరికదా, అప్పుడే బాగా రాజుకుంది. తెల్లారగానే మళ్ళీ మరకి బయల్దేరింది, ఖాళీ బస్తా పట్టుకుని. ఆమె వెనకాల వాడంతా కదిలింది, అందరి చేతుల్లోనూ ఖాళీ బస్తాలే.

ఇన్నేళ్ళూ తరుగని నొక్కేసిన పిండి తిరిగి ఇచ్చాడా అంటావా? ఇవ్వక ఎక్కడికి పోతాడు.

పిండి చేరింది ఇంటింటికి,
కథ చేరింది కంచికి,
ఇక కునుకు రావాలి నీ కంటికి.