సగం తాడు

కరువొచ్చి ఖజానా అడుగంటిందని మంత్రి తిమ్మరాజు దానధర్మాలన్నిటికీ సగం కోత పెట్టాడు. కొండదారిలో దిక్కులేని నిండు చూలాళ్లకు పురుళ్లు పోసే సత్రానికి వచ్చే బియ్యం, నూనె కూడా సగమయ్యాయి. సత్రం నడిపే మంత్రసాని రావులమ్మ వెళ్లి మొరపెట్టుకుంది.

"అంతా పోలేదుగా, సగం ఉందిగా. దాంతోనే సర్దుకో" అని పంపేశాడు.

ఆ ఎండాకాలంలోనే మంత్రి పల్లకీ ఆ దారిన వచ్చింది. నాలుక పిడచగట్టుకుపోయి, సత్రం ముందు దిగి మంచినీళ్లడిగాడు. రావులమ్మ ఆయన ఎదుటే బావిలోకి చేద వదిలింది. తాడు అయిపోయింది గాని చేద నీళ్లను తాకలేదు.

"తాడు చాల్లేదేం?"

"పొదుపు చెయ్యమన్నారని సగమే కట్టాను దొరా. సగం తాడుకి సగం చేద నీళ్లైనా రాకపోతాయా అనుకున్నా."

"పిచ్చిదానా, అందనప్పుడు సగం ఎక్కణ్ణుంచి వస్తుంది? చుక్క కూడా రాదు."

"నా సత్రంలోనూ అంతే దొరా. సగం పురుడు ఇప్పుడు పోసి, మిగతా సగం వానలు పడ్డాక పోస్తానంటే బిడ్డ ఆగుతుందా?"

మంత్రి వంగి, బావిలో వేలాడుతున్న ఖాళీ చేదను చూశాడు.

"రేపట్నుంచి ఎప్పట్లాగే పంపిస్తాను" అన్నాడు. "ముందు ఆ మిగతా తాడు కట్టు తల్లీ."