పైడిరాజు సొంత సెట్టింగులు

ఒకానొక ఊళ్లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ, దానికో మేనేజరు చక్రధరరావు గారూ ఉండేవారు. కొత్త కంప్యూటర్లు రాగానే ఆయన ప్రోగ్రామర్ పైడిరాజును పిలిచి హుకుం జారీ చేశారు.

"ఎవరి సొంత సెట్టింగులూ వద్దు. నా కంప్యూటర్‌లో ఏముందో అందరి వాటిల్లోనూ అదే దించు. వెంట్రుకవాసి తేడా రాకూడదు!"

పైడిరాజు ప్రాణం ఉసూరుమంది. ఏళ్ల తరబడి ముద్దుగా పెంచుకున్న సెట్టింగుల ఫైళ్లు అతనివి. అయినా "అలాగేనండి" అన్నాడు.

మర్నాడు మేనేజరు గారు వచ్చేసరికి ఆఫీసులో పైడిరాజు ఒక్కడే ఉన్నాడు.

"ఏరయ్యా మిగతావాళ్లు?"

"సెలవండి. మీరే మంజూరు చేశారు."

"నేనా?"

"మీ లాగిన్‌తో సహా అన్నీ దించానండి. సెలవులు మంజూరు చేసే బటనూ అందరికీ వచ్చేసింది. తేడా రాకూడదన్నారు కదా!"

చక్రధరరావు గారు దిగొచ్చారు. "సరే, ఎవరివి వాళ్లే పెట్టుకోండి."

పైడిరాజు మీసం దువ్వుకుంటూ తన ఫైళ్లు ఎక్కించాడు. తెర నల్లగా అయిపోయి, మరి ఉలకలేదు, పలకలేదు. ఏ ఫైలు ఎందుకు రాసుకున్నాడో అతనికే గుర్తు లేదు.

"ఎలా ఉందయ్యా?" దూరం నుంచే అడిగారు మేనేజరు.

నల్లటి తెరలో తన తెల్లమొహం చూసుకుంటూ పైడిరాజు అన్నాడు: "అచ్చం నాలాగే ఉందండి."