అరుణవేణిపై ఎక్కుపెట్టిన అస్త్రం

పూర్వం, నదులు మనుష్యులతో మాట్లాడడం ఇంకా మానుకోని కాలంలో, వింధ్యాచలానికి దక్షిణాన అరుణవేణి అనే మహానది తీరాన మణిమతీపురమనే నగరం ఉండేది. ధర్మజ్ఞుడూ, జితేంద్రియుడూ, శ్రీహరి పాదపద్మాలయందు అచంచలమైన భక్తి గలవాడూ అయిన ధృతకీర్తి మహారాజు ఆ నగరాన్ని పాలించేవాడు. ఆయన పట్టమహిషి శుచిస్మితాదేవి. చిరకాలం సంతానం లేక, ఎన్నో వ్రతాలు ఆచరించి, చివరికి ఆ దంపతులు ఒక ఆడబిడ్డను కన్నారు. కలువలంటే ప్రాణం పెట్టే ఆ తల్లి బిడ్డకు కుముద్వతి అని పేరు పెట్టుకుంది.

కుముద్వతికి నడక వచ్చిన నాటినుంచీ నదే లోకం. పొద్దున్నే దాదులతో రేవుకు వెళ్ళి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, నిద్రలో తాను కన్న కలలన్నీ నదికి చెప్పేది. అరుణవేణిని అక్కా అని పిలిచేది. నదీమతల్లిని అలా పిలవకూడదని పురోహితులు మందలిస్తే, అక్క ఏమీ అనలేదు కదా అని అడిగేది. అది విని రాజు మురిసిపోయేవాడు.

ఒకనాటి శ్రావణమాసపు ఉదయం నగరంలో చినుకు లేదు. ఆకాశం నిర్మలంగా ఉంది. కాని ఎగువన, కాలశిల అనే పెద్దబండ అడ్డుపడ్డ ఇరుకు గండికి ఆవల, పర్వతసానువుల మీద ప్రళయకాలంలో వలె మేఘాలు విరిగిపడ్డాయి. ఆ నీరంతా గండిలో బిగిసి, పోటెత్తి, ఒక్కసారిగా తెగి వచ్చింది. రేవులో దాదులు తలెత్తి చూసేలోగా ప్రవాహం వాళ్ళ మధ్యనుంచి పాపను ఎత్తుకుపోయింది. సాయంకాలానికి వరద తీసింది. దిగువన, నది మలుపు తిరిగే చోట, రెల్లుపొదల మీద పడుకోబెట్టినట్టున్న ఆ చిన్న దేహాన్ని జాలరులు చూసి, చేతులమీద మోసుకొచ్చి, రాజు ముందుంచి తలలు వంచుకున్నారు.

శుచిస్మిత నెలల తరబడి ఏడ్చింది. ధృతకీర్తికి మాత్రం కన్నీరు రాలేదు. ఆ దుఃఖం ఆయనలో క్రోధంగా గడ్డకట్టింది. ఇకపై అరుణవేణికి హారతులు ఇవ్వరాదనీ, ఆ నీటితో దేవతార్చన చేయరాదనీ, పర్వదినాల్లోనైనా ఎవరూ స్నానానికి దిగరాదనీ చాటింపు వేయించాడు. రాణి ఆ ఆజ్ఞను లెక్కచేయక ప్రతి ఉదయం రేవుకు వెళ్ళి కూర్చుని వచ్చేది. ఆ సంగతి రాజుకు తెలుసు. అడిగితే ఆమె ఏం చెబుతుందోనన్న భయంతో అడగలేదు.

ఆ వంశానికి గురువు తృణపాణి మహర్షి. వేదవేదాంగ పారంగతుడైనా, చేతిలో ఒక గరికపోచ తప్ప వేరే ఆడంబరం ఎరుగని వృద్ధ తపస్వి. ఒకనాడు రాజు ఆయన ఆశ్రమానికి వెళ్ళి, సాష్టాంగపడి లేచి, లోపల రగులుతున్న ప్రశ్న అడిగాడు.

“గురుదేవా, సమస్తమూ శ్రీహరి అధీనమని తమరే నాకు నేర్పారు. ఆయన ఆజ్ఞమీదే ఈ నది నా బిడ్డను పొట్టన పెట్టుకుందా? అయితే నేను ఇన్నాళ్ళూ పూజించింది నా శత్రువును. ఆయన ఆజ్ఞ లేకుండా ఆ పని చేసిందా? అయితే ఈ నది దండనార్హురాలు. రెంటిలో ఏది నిజమో సెలవివ్వండి.”

ప్రకృతి జడమన్నవారినీ, పరమాత్మకు శరీరమన్నవారినీ, ఆ పరమాత్మ లీల అన్నవారినీ మహర్షి విద్వత్సభల్లో ఎందరినో చూశాడు, కొందరిని ఓడించాడు కూడా. కాని బిడ్డను పోగొట్టుకున్న తండ్రి ముఖం చూస్తూ ఉంటే ఆ సిద్ధాంతాల్లో ఒక్కటీ నోట రాలేదు.

“నాకు తెలియదు నాయనా” అన్నాడు చివరికి. “తెలిసినవాణ్ణి అడగడానికి వెళతానంటే నీ వెంట వస్తాను.”

ధృతకీర్తి రాజ్యభారాన్ని మంత్రులకు అప్పగించి, నారచీరలు ధరించి, పర్వతశిఖరం చేరి ఘోరతపస్సు మొదలుపెట్టాడు. గ్రీష్మంలో పంచాగ్నుల మధ్య నిలిచి, హేమంతంలో మంచునీట మునిగి, ఆకులనూ విడిచి గాలినే ఆహారంగా తీసుకుంటూ ఆయన కోరుకున్నది సముద్రాలనైనా ఇంకించగల ఆగ్నేయాస్త్రం. మహర్షి అది గ్రహించాడు. గ్రహించి కూడా వారించక, రాజు సొమ్మసిల్లినప్పుడల్లా తల తన ఒడిలో పెట్టుకుని, అక్కడే ఉండిపోయాడు.

చివరికి శంఖచక్రగదాధరుడూ, పీతాంబరుడూ, ఆర్తత్రాణపరాయణుడూ అయిన శ్రీమన్నారాయణుడు ప్రత్యక్షమయ్యాడు. రాజు అస్త్రం అడిగాడు. స్వామి నిరాకరిస్తాడనే మహర్షి అనుకున్నాడు. స్వామి నిరాకరించలేదు. ప్రయోగించే ముందు నది చెప్పేది ఒక్కసారి వినాలని మాత్రం నియమం పెట్టి, అస్త్రాన్ని అనుగ్రహించి అంతర్ధానమయ్యాడు.

రాజు తిరిగివస్తున్నాడని తెలిసి మణిమతీపుర వాసులందరూ నదీతీరాన గుమిగూడారు. ధృతకీర్తి ధనుస్సు ఎక్కుపెట్టి, మంత్రయుక్తంగా అస్త్రాన్ని సంధించగానే ఆకాశం ఎర్రబడింది, చేపలు భీతితో అడుగున దాగాయి. అప్పుడు శుచిస్మితాదేవి మెట్లు దిగి, నడుములోతు నీళ్ళలోకి వెళ్ళి, బాణానికి ఎదురుగా నిలబడింది. పక్కకు తప్పుకొమ్మని రాజు అన్నాడు.

“తప్పుకోను నాథా. నా బిడ్డ చివరిసారి ఉన్నది ఈ ఒడిలోనే. దీన్ని కాల్చేస్తే, నేను రోజూ ఎక్కడికి వెళ్ళి కూర్చోవాలి?”

అంతలో నది నడుమ నీరు విచ్చుకుని అరుణవేణి స్త్రీరూపంతో లేచి నిలిచింది. పురాణాల్లో నదీదేవతలకు చెప్పే రత్నాభరణాలేవీ ఆమె ఒంటిమీద లేవు. వరదమట్టి రంగు చీర, విరబోసిన జుట్టు, బిడ్డను పోగొట్టుకున్న ఇంటి ఆడదానిలాగే ఉంది. చేతులు జోడించలేదు, ప్రాణభిక్ష అడగలేదు.

“రాజా, నీ కూతురు ఆ పోటులో నన్ను పిలిచింది, నేను విన్నాను. ఆగాలనుకున్నాను. వెనుకనుంచి తోసుకొచ్చే నీరు నన్ను ఆగనివ్వలేదు. పట్టుకుందామంటే ప్రవాహంగా ఉన్న నాకు చేతులు లేవు. మునగనివ్వకుండా పైపైన మోసుకుపోయి, నా వేగం తగ్గే చోట రెల్లు మీద పడుకోబెట్టాను. అప్పటికే ఊపిరి పోయింది. ఆనాటినుంచీ నువ్వడిగిన ప్రశ్నే నేనూ స్వామిని అడుగుతున్నాను. బాణం వేస్తే వెయ్యి, నేను కదలను.”

రాజు ఆకాశం వైపు తలెత్తి, స్వామీ, మా ఇద్దరికీ జవాబు చెప్పమని వేడుకున్నాడు. నారాయణుడు ఆకాశంనుంచి రాలేదు. ఆ నదిలోనే, అరుణవేణి పక్కనే కనిపించాడు. ఆయన పీతాంబరం నడుముదాకా తడిసి, అంచుకు బురద అంటి ఉంది.

“ధృతకీర్తీ, ప్రకృతి వేరు, నేను వేరు అనుకున్నావు. ఈమెను దండించడానికి నేను నీ పక్షాన నిలుస్తాననుకున్నావు. నీటిని నీరుగా పుట్టించాను. పల్లానికి పరుగెత్తడం దాని ధర్మం. అది లేకపోతే పైరుకూ అందదు, దప్పికకూ అందదు. అలా పుట్టించి, నేను ఒడ్డున నిలబడి చూడడం లేదు. ప్రతి బొట్టులోనూ నేనున్నాను. ఆనాడు మోసుకుపోయిన ప్రవాహంలోనూ ఉన్నాను, ఆ బిడ్డ చివరి ఊపిరిలోనూ ఉన్నాను. ఆమె ఒంటరిగా లేదు.”

“స్వామీ, ఈ మాటతో నా దుఃఖం తగ్గదు” అన్నాడు రాజు.

“తగ్గించడానికి చెప్పలేదు నాయనా. నీతోపాటు నేనూ మోస్తున్నానని తెలియడానికి చెప్పాను.”

అప్పుడు ధృతకీర్తి కళ్ళవెంట నీళ్ళు ధారకట్టాయి. ధనుస్సు దించబోయాడు. కాని సంధించిన దివ్యాస్త్రం వృథా కారాదు కనుక అల్లెతాడు ఆయన వేళ్ళను వదలలేదు. బాణం తన గుండెకే గురిచేసుకోవాలని రాజు తలచగా, అరుణవేణి వారించింది. ఎగువన కాలశిల తన గొంతు నొక్కిపట్టి ఉందనీ, వానలు కురిసినప్పుడు తాను ఉక్కిరిబిక్కిరై అక్కడినుంచే తెగిపడుతున్నాననీ, బాణాన్ని ఆ బండ మీద విడువమనీ చెప్పింది. శుచిస్మిత వచ్చి భర్త మోచేతికి తన చేయి ఆసరా ఇచ్చింది. బాణం నిప్పుల తోకతో దూసుకుపోయి కాలశిలను నడిమికి చీల్చింది. నీళ్ళు ఆ చీలికగుండా పాయలై, ఎన్నడూ తడి ఎరుగని దక్షిణపు మెట్టనేలల మీదికి పరుచుకున్నాయి.

సంతుష్టుడైన నారాయణుడు వరం కోరుకొమ్మన్నాడు. కుముద్వతిని తిరిగి ఇమ్మన్న మాట రాజు పెదవులదాకా వచ్చింది. అప్పుడే ఆయన చూపు వెనుక నిలబడ్డ జాలరుల మీద పడింది. కుముద్వతిని మోసుకొచ్చిన వాళ్ళలో ముందున్నవాడు ఎప్పుడో ఒక వరదలో కొడుకును పోగొట్టుకున్నవాడని, ఆనాడు ఎవరో చెబితే విన్నాడు. విని, మరచాడు. రాజు భార్య వైపు చూశాడు. ఆమె కూడా ఆ జాలరినే చూస్తోంది. చాలాసేపటికి ఆమె తల ఊపింది.

ఈ తీరాన మరే తల్లి ఒడీ ఖాళీ కాకుండా, నదికి పట్టుకునే చేతులు ప్రసాదించమని ఆ దంపతులు ముక్తకంఠంతో కోరారు.

“చేతులు ఒడ్డున ఉన్నవారికి ఇచ్చాను” అన్నాడు స్వామి. “ఈమెకు గొంతు ఇస్తాను.”

ఆ వరప్రభావంచేత, ఎగువన నీరు పొంగే ముందు, చీలిన కాలశిలలోనుంచి శంఖధ్వని వంటి నాదం పుట్టి నగరందాకా వినిపించసాగింది. ఆజ్ఞలు రద్దయి హారతులు మళ్ళీ వెలిగాయి. ధృతకీర్తి స్వయంగా నదిలో దిగి బిడ్డకు తిలోదకాలు విడిచాడు. మరుసటి శ్రావణంలో ఆ నాదం వినిపించగానే జాలరులూ, భటులూ, పురోహితులూ రేవులకు పరుగెత్తి, ఎవరి బిడ్డ అని చూడకుండా చేతికందిన పిల్లలందరినీ ఎత్తుకుని మెట్లెక్కారు. కొంతసేపటికి వరద వచ్చి, ఖాళీ మెట్లను కడిగి, తన దారిన వెళ్ళిపోయింది.

ఈ కథను నదీతీరాన కూర్చుని విన్నవారికి నీటి భయం తొలగకపోయినా, ఆ నీటిలో తాము ఒంటరివారం కామన్న ధైర్యం కలుగుతుందని తృణపాణి మహర్షి తన శిష్యులకు చెప్పేవాడు.