పటంలో పుట్టుమచ్చ

చెయ్యి ఇలా నా మీద వెయ్యి కన్నా. స్వామికి దణ్ణం పెట్టుకున్నావుగా? ఊఁ కొట్టకపోతే కథ ఆగిపోతుంది మరి.

అనగనగా ఒక ఊళ్ళో ఒక కోట. ఆ కోటనేలేది రాజులు కాదు, రాణులు. అమ్మ తర్వాత కూతురు, ఆ తర్వాత మనవరాలు. కొలువులో గోడ నిండా ఒక పాత పటం. అందులో అందరికంటే మొదటి రాణి అక్కమాంబ సింహాసనం మీద ఒక్కతే కూర్చుని ఉంటుంది. ఎడమ బుగ్గ మీద నల్లటి పుట్టుమచ్చ.

ఆ మచ్చ ఉన్న పిల్లే ఆ వంశం పిల్ల. లేని పిల్లని ఏరు దాటించి పంపెయ్యాలి. అదీ కోట కట్టుబాటు.

ముసలిరాణి కొండమాంబకి లచ్చమ్మ అని ఒక మనవరాలు. నీ ఈడుదే. తల్లి లేదు. అమ్మమ్మ పక్కన పడుకుంటేనే దానికి నిద్ర. కానీ దాని బుగ్గ మీద మచ్చ లేదు. వాళ్ళమ్మ పోయే ముందు తన కాటుక భరిణె దాని చేతిలో పెట్టి, రోజూ చుక్క పెట్టుకో, అమ్మమ్మకి కూడా చెప్పకు అంది.

అప్పటినుంచీ ఆ పిల్లకి ఒకటే బెంగ. ఆడితే చెమటకి కారిపోతుందేమో. వానలో తడిస్తే కరిగిపోతుందేమో. ఏడిస్తే చెరిగిపోతుందేమో. అందుకని ఆడదు, తడవదు, ఏడవదు. అమ్మమ్మ పక్కన కూడా ఆ బుగ్గ పైకి పెట్టుకుని కదలకుండా పడుకునేది.

అప్పుడు ముసలిరాణి, ఇక నా వల్ల కాదు, మనవరాలికి పట్టం కడతానంది. పట్టాభిషేకమంటే నెత్తిన కలశాల నీళ్ళు పొయ్యడమే కదా. లచ్చమ్మకి అన్నం సయించలేదు.

పటం మాసిపోయింది, కొత్తది వెయ్యమని బొమ్మలు వేసే వీరక్కని పిలిపించారు. కొత్త తరహా మనిషి. పాత పటానికి ముక్కు ఆనించి మరీ చూసింది. ఆ తర్వాత లచ్చమ్మని ఇటు తిరగమంది. పిల్ల భయపడి బుగ్గకి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చెయ్యి తీస్తే అరచేతికంతా నలుపు. వీరక్క చూసింది. మళ్ళీ పాత పటం వైపు తిరిగింది. ఎవరికైనా చెబుతుందో, చెప్పదో.

పట్టాభిషేకం రోజు రానే వచ్చింది. పాత పటం పక్కన కొత్త పటం నిలబెట్టి తెర తీశారు. అదే సింహాసనం, అదే రాణి. కానీ పక్కన నేతచీర కట్టుకున్న ఒక ముసలమ్మ. ఆవిడ వేలు రాణి బుగ్గ మీద. వేలి కొసన కాటుక.

మంత్రిగారు మండిపడ్డారు. మహారాణికి దిష్టిచుక్క పెడతావా అన్నారు.

"కల్యాణంలో స్వామివారికే బుగ్గన చుక్క పెడతాం కదండీ," అంది వీరక్క. "పాత పటం దగ్గరకెళ్ళి చూడండి. పుట్టుమచ్చకి వేలిముద్ర గీతలుంటాయా?"

ఒక్కొక్కరే వెళ్ళి చూశారు. సన్నటి గీతలు సుడి తిరిగి ఉన్నాయి. పూర్వం పటం వేసినాయన ఉన్నదున్నట్టే వేశాడు. చూసినవాళ్ళే మచ్చ అనుకున్నారు.

అయినా మంత్రిగారు ఊరుకోలేదు. కట్టుబాటు కట్టుబాటే, ముందు ఈ పిల్ల బుగ్గ తుడిచి చూద్దామన్నారు.  అప్పుడు ముసలిరాణి లేచి, కలశంలో కొంగు తడుపుకుని లచ్చమ్మ దగ్గరకొచ్చింది. అయిపోయింది అనుకుని పిల్ల కళ్ళు మూసుకుంది.

ముసలిరాణి తుడుచుకున్నది తన బుగ్గ. కొంగు నల్లబడింది.

"నాకూ లేదే తల్లీ. నా ఒక్కదానికే లేదనుకుని ఇన్నేళ్ళూ వణికాను."

మంత్రిగారు పక్కకి తప్పుకున్నారు. లచ్చమ్మ నెత్తిన కలశాల నీళ్ళు పోశారు. కాటుక జలజలా కారిపోయింది. దాచుకున్న ఏడుపంతా అప్పుడే ఏడ్చింది లచ్చమ్మ. ఆ తర్వాత అమ్మమ్మ దాని తల తుడిచి, ఎంతమంది కళ్ళు పడ్డాయో అంటూ బుగ్గన చుక్క పెట్టింది. ఈసారి అది ఎవరికీ భయపడి పెట్టింది కాదు.

ఏదీ, నీ బుగ్గ ఇటు తిప్పు.

పటం గోడకి, చుక్క బుగ్గకి,
కునుకు కంటికి, కథ కంచికి,
మనం ఇక దుప్పట్లోకి.